నాలుగో వైపు

తాక్వారెంబో దాటాక మట్టి రోడ్డు,
ఆపైన మళ్ళీ మట్టి రోడ్డు,
అది విసిగి ఆగిపోయే చోట రేకుల కప్పు బడి.
పదకొండుమంది పిల్లలు, ఒక గుర్రం, నేను.
గుర్రం ఎలాదియోది. హాజరు పట్టీలో దాని పేరు లేదు గానీ
ఒక్కరోజూ నాగా పెట్టదు.

మార్చిలో బడి తెరిచిన వారానికి
లారీ వచ్చి అట్టపెట్టెలు దింపి వెళ్ళింది.
పిల్లకొకటి చొప్పున చిన్న కంప్యూటర్లు.
పట్నంలో మూడు రోజులు నాకు నేర్పారు.
నాలుగో రోజుకి సగం మర్చిపోయాను.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి పూట ఎవరూ మీట నొక్కలేదు.
ముందు వాసన చూశారు.
నైర్ చెవి ఆనించి
"లోపల ఏదో నిద్రపోతోంది" అంది.
ఎలాదియో తన పేరు కొట్టాడు,
తర్వాత గుర్రం పేరు,
తర్వాత ఒక అక్షరం మీద వేలు పెట్టి తియ్యడం మర్చిపోయాడు.
అది చీమల బారై తెరంతా పాకుతుంటే
అందరం నోళ్ళు తెరుచుకు చూశాం,
నేను కూడా.

తెర మధ్య ఒక తాబేలు ఉంటుంది.
ముందుకు అంటే ముందుకు, కుడికి అంటే కుడికి.
నత్తలాగా వెనక గీత వదులుతుంది.
"చెప్పింది చేస్తుంది, మీరనుకున్నది చెయ్యదు" అన్నాను.
"మా నాన్న కుక్క కూడా అంతే" అంది జుల్మా.
జుల్మాకి ఆరేళ్ళు. ముందు పళ్ళు రెండూ లేవు.
వాళ్ళ నాన్న గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు.

అర్థం కావాలని బల్లలు గోడకు జరిపి
నేనే తాబేలునయ్యాను, కళ్ళకు గంతలతో.
"ముందుకు ఆరు" అన్నారు.
నాలుగో అడుగుకే పొయ్యి వచ్చింది.
నవ్వులు సద్దుమణిగాక, కమిలిన నా మోకాలు చూస్తూ
నైర్ నెమ్మదిగా అంది:
"తప్పు మాదే టీచర్. పొయ్యి సంగతి మేం చెప్పలేదు."

మర్నాడు చతురస్రం.
ముందుకు వంద, కుడికి తొంభై,
ముందుకు వంద, కుడికి తొంభై,
వేళ్ళు నొప్పెట్టే దాకా కొట్టనిచ్చి
అప్పుడు గారడీవాడిలా బోర్డు మీద ఒక్క పంక్తి రాశాను:
ఇదే నాలుగు సార్లు చెయ్యి.
పదిమంది "ఓ" అన్నారు.

"కుదరదు" అంది జుల్మా.
"ఏం?"
"ఇది మా గొర్రెల దొడ్డి.
మూడు వైపులూ ఒకటే. నాలుగో వైపు గేటుంది."

ఇది దొడ్డి కాదమ్మా, చతురస్రం.
ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.
చల్లారిన మాటే ఒక గుక్క తాగి
దాంతోపాటే మింగేశాను.

మూడు సార్లు చెయ్యి, అని కొట్టింది తను.
తర్వాత ఆగింది. గీత తెగాలి.
ఎలా తెగుతుందో
నేను మర్చిపోయిన సగంలో ఉంది.
పుస్తకం తీశాను. గంట పట్టింది.
మధ్యలో ఇద్దరికి ఆకలేసింది, ఒకడు నిద్రపోయాడు.
చివరికి దొరికింది:
కలం ఎత్తు. ముందుకు ఇరవై. కలం దించు.

గీతలో తెల్లగా, వేలెడు ఖాళీ.
జుల్మా దాని మీద ఊదింది, దుమ్ము దులిపినట్టు.
తాబేలుని దొడ్డి లోపలికి నడిపి
గేటుకి ఎదురుగా నిలబెట్టి
ముందుకు, ఇంకా ముందుకు అంది.
"లోపలే ఉంటే మేత ఎక్కడిది?"

అది గేటు దాటింది, తెర కింది అంచు దాటింది, మాయమైంది.
మరుక్షణం పై అంచున తేలి
తిన్నగా దిగుతూ
దొడ్డి వెనక కంచెలోంచి లోపలికి వచ్చేసింది,
కంచె అక్కడ లేనట్టే.

అందరూ చప్పట్లు కొట్టారు.
జుల్మా మొహం ఎర్రబడింది.
"అలా రాకూడదు. ముళ్ళ తీగ అది!
కంచె అంటే ఏంటో దీనికి ఎవరూ చెప్పలేదా?"

లేదు. చెప్పలేదు.
బయట గుర్రం సకిలించింది, నాలుగైనట్టుంది.
"రేపు చెబుదాం" అన్నాను.

అందరూ వెళ్ళాక
ఆ పలచని పుస్తకం ముందేసుకుని
కంచె అన్న మాట కోసం
మొదటి పేజీ నుంచి వెతుకుతున్నాను.