ఒత్తు

కవాడిగూడలో టైర్ల రీట్రేడింగ్ షాపు మీద
రెండు గదులు అద్దెకు తీసుకున్న రోజున
పెయింటర్ కొమురయ్య మా బోర్డు రాశాడు.
బీమా అని రాయమంటే
భీమా అని రాశాడు.

ఆరుగురం కింద నిలబడి నవ్వాం.
చెరిపేస్తానని మళ్ళీ నిచ్చెన ఎక్కబోతే
కమలాకర్ సారు ఆపారు:
"ఉండనీవయ్యా.
మన దగ్గర ఒక ఒత్తు ఎక్కువుంటే ఎవరికీ నష్టం లేదు.
తక్కువైతేనే తంటా."

అప్పట్లో మాకు రూల్సు పుస్తకం లేదు.
రబ్బరు కాలే వాసన ఉండేది.
తలుపు దగ్గర ఒక చేతుల కుర్చీ ఉండేది,
క్లెయిముకొచ్చిన వాళ్ళది అది,
సారు కూడా అందులో కూర్చునేవారు కాదు.
పొద్దున్నే ఫైలు తెరిస్తే
పేరు పైకి చదవాలి, నంబరు కాదు.
ఎందుకని ఎవరమూ అడగలేదు.
బళ్ళో హాజరు పిలిచినట్టుండేది,
పలకాల్సిన వాళ్ళు మాత్రం పలికేవాళ్ళు కాదు.

వరదొచ్చిన ఏడు
టోలిచౌకి నుంచి, అలీనగర్ నుంచి
తడిసి ముద్దయిన బాండ్లు సంచుల్లో వస్తే
నేల మీద దుప్పటి పరిచి
పైన పాత పేపరు వేసి
రాత్రంతా ఇస్త్రీ చేశాం.
అనసూయ చెయ్యి కాలింది.
ఒక్క కాయితం కాలలేదు.

ఇప్పుడు నానక్‌రాంగూడ, పదకొండో అంతస్తు.
ఆరుగురం ఆరువందల నలభై అయ్యాం.
కొత్త బోర్డు మీద స్పెల్లింగు సరిగ్గా ఉంది.
చేతుల కుర్చీ ఇంటీరియర్ వాళ్ళ డ్రాయింగులో పట్టలేదు.
బేస్‌మెంట్‌లో, జనరేటర్ పక్కన,
సెక్యూరిటీ అతను దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుంటాడు.

హెచ్చార్ వాళ్ళు వచ్చి అడిగారు:
"మేడమ్, మొదటి నుంచీ ఉన్నది మీరే కదా,
మన కల్చర్ ఏంటో ఐదు మాటల్లో చెప్పండి,
లిఫ్టు ఎదుటి గోడ మీద స్టీలు అక్షరాలు పెట్టిస్తాం."
మూడు రోజులు ఆలోచించాను.
టైర్ల వాసనకి స్టీల్లో ఏ అక్షరం?

మంగళవారం కొత్త బ్యాచ్, నలభై మంది.
పేరు పైకి చదవడం గురించి గంటసేపు చెప్పాను.
చప్పట్లు కొట్టారు.
మధ్యాహ్నం నా సీట్లోకొచ్చి
కంప్యూటరు ఎర్రగా చూపించినవన్నీ
వరసగా కొట్టేసుకుంటూ పోయాను.
నాలుగు వేల పదిహేడు, తిరస్కరణ.
నాలుగు వేల పద్దెనిమిది, నామినీ పేరు కలవలేదు, తిరస్...

పక్కన పని నేర్చుకోడానికి కూర్చున్న పిల్ల నిఖత్.
సైదాబాద్ బళ్ళో తెలుగు రెండో భాషగా చదివిందట,
ఇప్పటికీ కూడబలుక్కుంటుంది, పెదాలు కదుపుతూ.
"పేరేంది మేడమ్?"
నేను చూడలేదు.
తనే తెర మీదికి వంగింది.
"పాలసీల బూ... లక్ష్మి.
ఆధార్ల భూ... లక్ష్మి."
మళ్ళీ, కొంచెం గట్టిగా,
"బూలక్ష్మి. భూలక్ష్మి.
ఒక్కామెనే కదా మేడమ్?"

ఏసీ చప్పుడు అంతవరకూ వినలేదు నేను.

మొగుడు సెంట్రింగు కర్ర మీంచి జారి పోయాడు.
రెండు లక్షలు.
ఆమెకూ ఆ డబ్బుకీ మధ్య ఒక ఒత్తు.
కంప్యూటరు కళ్ళతోనే చదువుతుంది,
దానికి నోరు లేదు, దాన్ననేం లాభం.
నాకుంది నోరు.
పొద్దున ఆ నోటితోనే గంటసేపు మాట్లాడాను.

"ఫోన్ కలుపమ్మా" అన్నాను.
మూడుసార్లు మోగాక ఎత్తారు.
వెనకాల కుక్కర్ కూత, ఎవరో పిల్లవాడు ఎక్కం చదువుతున్నాడు.
నిఖత్ పేరు పిలిచింది, ఒత్తు ఒత్తి మరీ.
"ఆఁ, నేనే" అంది అవతలి గొంతు.

హెచ్చార్ మెయిలు అలాగే ఉంది.
ఈ వారంలో నేను కొట్టేసినవి ముప్పైఒకటి.
వాటి పేర్లు ఇంకా చదవాలి.