సున్నా దగ్గరి ఉద్యోగం

ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో నా పని
నీళ్ళ ఎత్తు రాయడం.
పోటుకి ఒక అంకె, పాటుకి ఒక అంకె,
గొట్టంలో తేలే బెండు ఎక్కడ ఆగితే అక్కడ గీత.
తుఫాను రాత్రి కూడా
టార్చిలైటు పళ్ళతో పట్టుకుని రాశాను.
రిటైరైన రోజు శాలువా కప్పి
"సముద్రం మీ మాట వినేదండీ" అన్నారు.
వినలేదు. నేనే వినేదాన్ని.

ఇప్పుడు మూడున్నర వేల మీటర్లు ఎక్కాలి.

సహకార బ్యాంకు క్యాలెండర్లో ఆగస్టు కాగితం:
లడఖ్‌లో, నాకు పేరు పలకడం రాని చోట,
కొండకి పన్ను మొలిచినట్టు ఒక మట్టికోట.
పైకప్పుల్లేని గదులు,
కిటికీలోంచి అవతలి ఆకాశం.
సెప్టెంబరొచ్చినా చింపలేదు.
ఆరేళ్ళుగా మా వంటింట్లో ఆగస్టే.

మహారాణిపేటలో డాక్టరు హైమవతి
గుండె విని, రోజుకి సగం మాత్ర రాసింది.
"ముందు ఇక్కడే వేసుకు చూడండి, పడకపోతే తెలుస్తుంది."
వేసుకున్నాను. వేళ్ళ చివర చీమలు.
సాయంత్రం బీచిరోడ్డులో గోలీసోడా కొట్టిస్తే
వట్టి చప్పటి నీళ్ళు.
గ్యాసు లేదని బండి కుర్రాడితో గొడవపడ్డాను.
ఇంకోటి కొట్టాడు. అదీ అంతే.
తప్పు మాత్రదని, నా నాలుకదని రాత్రి తెలిసింది.
మర్నాడు వెళ్ళి రెండింటికీ డబ్బులిచ్చాను.

తెల్లారకముందే తొట్లకొండ.
భీమిలి బస్సు దిగి నడక,
వీపుసంచిలో ఐదు కిలోల సోనామసూరి.
పైన రాతిలో తొలిచిన తొట్లు, అడుగున వాననీళ్ళు,
ఇటుకల గుండ్రటి పునాదులు,
మనిషి పడుకుంటే గోడ కాళ్ళకి తగిలే గదులు.
ఎవరో వానాకాలమంతా ఇక్కడ కూర్చుని
ఇదే సముద్రాన్ని చూశారు,
ఒక్క అంకె కూడా రాసుకోకుండా.
బియ్యం దించి, నాడి లెక్కపెట్టి
వాళ్ళ గుమ్మంలో ఇడ్లీ తిన్నాను.
శిథిలం చూడ్డానికి శిథిలం మీద కసరత్తు!
నవ్వొచ్చింది,
ఆయాసంలో సగమే బయటికొచ్చింది.

మైలపిల్లి దానయ్య కలిశాడు.
రేవులో ఓడల అడుగులు గోకిన గజఈతగాడు,
ఒక చెవి వినపడదు.
"ఎంతెత్తేటి?" అన్నాడు. చెప్పాను.
"సూడమ్మా, దిగీటప్పుడు ఎవడూ సావడు.
పైకొచ్చీటప్పుడే.
తొందరపడి తేలినోళ్ళని ఈ బుజాల్తో మోసినాను.
కొంచెం ఎక్కు. ఆగు.
వొళ్ళు ఎనకబడిపోద్ది, అదొచ్చీదాకా కూకో.
బుర్ర నొప్పెడితే దిగిపో.
సిగ్గేటి? సముద్రం రోజుకి రెండుసార్లు దిగిపోద్ది."

డాక్టరు రెండు పేజీల్లో రాసిందీ ఇదే,
సముద్రం తప్ప.

రేపు విమానం.
ఉన్ని మేజోళ్ళు, సగం మాత్రలు,
కరోనా నాటి ఆక్సిమీటరు.
అప్పట్లో ఇద్దరి వేళ్ళకీ పెట్టి చూసుకునేవాళ్ళం.
ఇక్కడ తొంభై ఎనిమిది.
అక్కడ ఎనభై ఐదుకొస్తే కంగారుపడొద్దన్నారు,
మొదటి రెండు రోజులు మంచం దిగొద్దన్నారు.
ఆగస్టు కాగితం చింపి, మడిచి, సంచిలో పెట్టాను.
గోడ మీద ఇప్పుడు సెప్టెంబరు,
కొత్తగా, ఆరేళ్ళ పాతగా.

అక్కడ రోడ్డు పక్క పసుపు రాయి మీద
ఎత్తు రాసి ఉంటుందట.
ఆ అంకె ఎక్కడ మొదలైందో డ్రైవరుకి తెలియకపోవచ్చు.
ఎప్పుడో కొన్ని రేవుల్లో నీళ్ళు కొలిచి
ఇదీ సున్నా అనుకున్నారు,
ఆ సున్నా మీంచే ఈ దేశపు కొండలన్నీ లేచాయి.
ఆ రేవుల్లో మాదొకటి.

ఆ రాయి పక్కన ముందు కూర్చుంటాను.
కోట ఎక్కడికీ పోదు.
సీసాలో నీళ్ళు సగం తాగి
మిగిలినవి ఎక్కడిదాకా ఉన్నాయో
అలవాటుకొద్దీ
గోటితో ఒక గీత పెడతాను.