పదును

సిల్వర్టన్ పైన, ఉత్తరపు వాలులో
లొరెట్టా గొయ్యి తవ్వుతోంది.
నిరుడు ఇదే చోట నడుము బంటి మంచు.
ఈసారి నాలుగు పార పోట్లకే
గడ్డి తగిలింది, పచ్చిక వాసన కూడా పోకుండా.

డిసెంబరంతా ఆకాశం మీద ఒక్క మరక లేదు.
ఊళ్ళో దాన్ని మంచి వాతావరణం అన్నారు.
రాత్రిళ్ళు ఆ శుభ్రమే
మంచులో ఉన్న కాస్త వెచ్చదనాన్నీ తోడేసుకుంది.

అడుగుపొర గుప్పిట్లోకి తీసి
దుక్కి పదును చూసినట్టు పిసికాను.
ముద్ద కాలేదు.
బొంబాయి రవ్వలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది.
భూతద్దం కింద ఒక్కో పలుకూ
బోర్లించిన గాజు గిన్నె.
అందంగానే ఉన్నాయి.
ఒకదాన్నొకటి పట్టుకోవు.

"తట్టు" అంది.
పార మీద మణికట్టుతో పది దెబ్బలు. ఏమీ లేదు.
మోచేతితో మూడోది,
పైపొర మొత్తం పలకలా
సొరుగు లాగినట్టు నా ఒళ్ళోకి వచ్చింది.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

కిందికొచ్చాక పెట్రోలు బంకులో వెండెల్,
మంచు బళ్ళు ఇంకా షెడ్డు దాటలేదని,
ఒక్క రాత్రి రెండడుగులు పడితే
గట్టెక్కుతానని అన్నాడు.
లొరెట్టా చిల్లర లెక్కపెడుతోంది,
లెక్కపెట్టిందే మళ్ళీ.
ఆ వాలు కింది రోడ్డు మీద
మంచు తోసే బండి నడిపేది ఆమె తమ్ముడు.

పుస్తకంలో ఆమె రాసుకుంది:
లోతు, మోకాలికి జానెడు తక్కువ.
అనుమానం, ఎక్కువ.

సాయంత్రం పడమట మబ్బు పట్టింది.
ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది.
మేమూ చూశాం.