మూడో పాట, నాలుగో నిమిషం

బ్రెమెన్‌లో గురువారం, వాన.
హాల్లో నూటపది కుర్చీలు, తడి కోట్ల వాసన.
డెట్లెఫ్ వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకుని
డ్రమ్ముల వెనక ఒదిగాడు, డెబ్భై నాలుగేళ్ళవాడు.
ఏడు మాత్రల నడక,
తకిట తకధిమి తకిట తకధిమి.
యాభై ఏళ్ళుగా మెట్లెక్కినా అదే లెక్క.

మూడో పాట మధ్యలో పుల్ల జారింది.
దొర్లుకుంటూ పోయి
ఎవరి బూటుకో తగిలి ఆగిన చప్పుడు.

తాళం లేని రెండు ఆవృత్తాలు.
వోల్క్‌మార్ శాక్సఫోన్‌లో ఊపిరి బిగబట్టాడు.
ఊటె బేస్ తీగ మీద ఒకే స్వరం పట్టుకుని
ఏరు దాటించే మనిషిలా
నిలబడిపోయింది.

మార్చిలో, మిక్సింగ్ గదిలో
హైకె అడిగింది: "తీసేయనా?
రిహార్సల్‌ది అతికిస్తే ఎవరికీ తెలీదు."
హెడ్‌ఫోన్లు తీయకుండానే
మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ.
కాఫీ మీద మీగడ కట్టింది.

"ఉంచు.
ఇన్నేళ్ళూ నా చప్పుడే విన్నాను.
వీళ్ళు ఇంత బాగా వాయిస్తారని
ఎవరూ చెప్పలేదేం?"

అట్ట వెనక అచ్చులో ఆ పుల్ల ఊసే లేదు.
రికార్డు కొన్నవాళ్ళు కొందరు మాత్రం
అక్కడికొచ్చేసరికి
వంగి కుర్చీ కింద చూసుకుంటారట.