కొసరు కాయ

అంబాజీపేట కొట్లో ఏడాది పద్దు ముగించాను.
కాయలు: ఐదు లక్షల పదివేల ఐదువందల పది.
పెన్సిలు ములికి నాలిక్కి తడిపి
అంకె మళ్లీ చదువుకున్నాను.
ఐదు ఒకటి సున్నా, ఐదు ఒకటి సున్నా.
చెవిటి షావుకారుకి చెప్పినట్టు
ఒకే మాట రెండుసార్లు.

వాన వెలిసేదాకా పొద్దుపోక
చిట్టా వెనక భాగించడం మొదలెట్టాను.
రెండుకి తెగింది. మూడుకి, ఐదుకి తెగింది.
ఏడుకీ తెగింది.
(సూర్యావతి ఏడు అనే మాట అనదు,
కాయలు ఎంచేటప్పుడు "ఆరున్నొకటి" అంటుంది)
పదకొండు. పదమూడు.
పదిహేడు దగ్గర చెయ్యి ఆగింది,
కింద ఒకటి తప్ప ఏమీ మిగల్లేదు.

గోదారీ ఏడు పాయలే అంటారు.
తుల్య, ఆత్రేయ, భారద్వాజ,
గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ.
ఇవాళ తుల్యభాగ అంటే మురుగు డ్రెయిను;
ఇంకొన్ని సంకల్పంలో పేర్లు.
నా అంకెలో ఏ పాయా పూడిపోలేదు.
ఎటునుంచి విడదీసినా అవే ఏడు,
ఒక్కోటి ఒక్కసారే.

అయినా దానికీ ఒక పెంకితనం ఉంది.
పుంజీల్లో పెడితే కుదరదు.
లక్షా ఇరవయ్యేడువేల ఆరువందల ఇరవయ్యేడు పుంజీలు పోగా
రెండు కాయలు నేలమీద దొర్లుతూ ఉంటాయి.
పదిహేడుగురికి సమంగా పంచిన మనిషి
నలుగురి దగ్గర తల గోక్కున్నట్టు.

అప్పుడు గుత్తుల సూర్యావతి
రేకుల కింది నుంచి మొలకెత్తిన కాయ ఒకటి తెచ్చి
బల్లమీద పెట్టింది.
"ఇది ఎంచలేదండీ."
"ఎంత రాయమంటావు?"
"లాభం" అంది.
ఆమె లెక్కలో ఒకటి ఉండదు. లాభం, రెండు, మూడు.

లాభం కలిపాను.
రెండు వెనక్కి తగ్గింది. మూడు, ఐదు,
ఆరున్నొకటి, పదకొండు, పదమూడు, పదిహేడు,
అందరూ పంచుకుని లేచిపోయారు
ఒక్క కాయ వదిలేసి.
అందరూ వదిలింది ఆ మొలక కాయే.

పద్దెనిమిది దాకా చూశాను, ఎవరి వల్లా కాలేదు.
ఇది ఇక ఎవరికీ తెగని అంకేమో అనుకున్నాను,
తెగదంటే లోపల ఏదో భయం, ఏదో గర్వం కూడా.
పంతొమ్మిది వేశాను.
గుమ్మం తీసినట్టు తెరుచుకుంది.
లోపల తొంభయ్యేడు,
దాని వెనక రెండువందల డెబ్భయ్యేడు,
ఎప్పుడూ మా కొట్టు మెట్లెక్కని ముగ్గురు.
నిన్నటి ఏడుగురిలో ఒక్కరూ లేరు.

"సూర్యావతీ, ఇటు చూడు" అని తల ఎత్తేసరికి
లారీ రాంపండు కత్తితో కాయ పగలగొట్టేశాడు.
నడిమధ్య తెల్లగా, దూది ఉండలా, కొబ్బరి పువ్వు.
చేతికి వచ్చినంత తుంచి నాకూ ఇచ్చారు.
ఎంత భాగమో తెలీదు.
తియ్యగా ఉంది.

పుస్తకంలో ఆఖరి అంకె
సున్నా చెయ్యాలా, ఒకటే ఉంచాలా?
వాన వెలిసింది. తడి రబ్బరు చేత్తో పట్టుకుని
ఇంకా కూర్చునే ఉన్నాను.