మార్చి 2015, పేపర్-2

రాత్రి పదిన్నరకి ఐస్ ఫ్యాక్టరీ వెనక
డీజిలు డ్రమ్ముకి ఫోను ఆనించి కూచుంటాను.
పాలకొండలో ఎక్కడో సుభాషిణి టీచర్
పలక మీద సుద్దముక్కతో తేదీ వేస్తుంది.
ఆవిడ మొహం నేనెప్పుడూ చూళ్లేదు.
ఒక చెయ్యి, రెండు మట్టిగాజులు,
చూపుడువేలి మీద పాత కాలిన మచ్చ.
మా బడి అంతే.

పదకొండు మందిమి. అందరం ఓపెన్ టెన్త్.
గాజువాక నూకరత్నం గారు మిషను తొక్కుతూనే వింటారు.
మ్యూట్ మరిచిపోయిన రోజు
వర్గసమీకరణం మధ్యలోంచి
జాకెట్టు కుట్టు టకటకా పరిగెడుతుంది.

వారానికో పాత పేపరు, ఏడాది ఏడాదీ వెనక్కి.
2019లో సంచీ, అందులో ఎర్రబంతులు, నల్లబంతులు.
2018లో శంకువు మీద అర్ధగోళం.
"ఐస్‌క్రీమ్ అనుకోండి" అంది టీచర్.
నాకు ఐసంటే దిమ్మ, కొక్కెం, మోకాళ్లదాకా చలి.
అయినా ఘనపరిమాణం సరిగ్గానే వచ్చింది.

ఈ రాత్రి 2015.

ఈ పేపరు నాది.
ఆ ముందటి అక్టోబరులో
హుద్‌హుద్ మా జాలరిపేట మీంచి నడిచి వెళ్లాక
పరీక్ష ఫీజుకని దాచినవి రేకులకి పోయాయి.
మూడు రేకులొచ్చాయి.
నాలుగోది పెంటయ్య మావ ఎక్కడ్నించి తెచ్చాడో
మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.
పుస్తకాలు గట్టు మీద ఎండేశాం.
అన్నీ విడిపోయాయి గాని
త్రికోణమితి పేజీలు మాత్రం
ఒకదాన్నొకటి పట్టుకుని వదల్లేదు.

మా క్లాసంతా ఈ పేపరు రాస్తున్న పొద్దున
నేను జెట్టీ మీద బోటులోకి ఐసు దింపుతున్నాను.
నూట నలభై బుట్టలు.
లెక్క ఇప్పటికీ గుర్తుంది.
నాకు లెక్కలు రావని అన్నదెవరు?

"పదహారో ప్రశ్న. ఎల్లాజీ, నువ్వు చదువు."

75 మీటర్ల ఎత్తున్న లైట్‌హౌస్ పైనుంచి
ఒకే వైపునున్న రెండు ఓడలు
30, 45 డిగ్రీల నిమ్నకోణాల్లో కనిపించుచున్నవి.
ఓడల మధ్య దూరమెంత?

తలెత్తితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్.
దీపం తిరిగొచ్చినప్పుడల్లా
తడి కొక్కెం మీద ఒక చిన్న మెరుపు.
అడ్డంగా ఒక గీత గీసి
అక్కణ్ణించి చూపు ఎంత దించితే అంత, అంది టీచర్.
అయితే ఆ కొండ మీదినుంచి చూసేవాడికి
నేనూ ఏదో ఒక నిమ్నకోణంలో ఉంటాను.
ఇన్నేళ్లూ ఉన్నాను.

పటం వేశాను. పటానికే ఒక మార్కు.
టాన్ 45 ఒకటి,
దగ్గరి ఓడ డెబ్బై అయిదు.
దూరపుది డెబ్బై అయిదు రూట్ మూడు.
రఫ్‌లో తీసేశాను: యాభై నాలుగు పాయింట్ తొమ్మిది.

"టీచర్, ఈ లెక్క తప్పండి."
"ఏం?"
"యాభై అయిదు మీటర్లలో రెండు ఓడలేటండి!
లంగరేసినా గాలికి తిరిగి గుద్దేసుకుంటాయి.
పైలట్లు ఒప్పుకోరు.
ఇది రాసినాయన సముద్రం చూళ్లేదండి."

కుట్టుమిషను ఆగింది.
పలక మీద చెయ్యి ఊగింది, గాజులు మోగాయి.
ఆవిడ నవ్వుతుంటే వినడం అదే మొదలు.
"పరీక్షలో ఓడల్ని గుద్దనీ నాయనా,
నాలుగు మార్కులు తెచ్చుకో."

అప్పుడే నెట్ పోయింది.
సుద్దముక్క 'కావున' దగ్గర గాల్లో ఆగిపోయింది.
లోడుకి బోటు వచ్చినట్టుంది, హారన్ కొడుతున్నారు.
కావున తరవాత ఏముండాలో
నేనే రాసుకున్నాను, గబగబా,
కింద రెండు గీతలు కూడా కొట్టాను.

చెయ్యి మళ్లీ కదిలింది.
"ఎంతొచ్చింది? పేజీ చూపించు."
చూపించాను.
మొదట్నించీ చదివినట్టుంది, చాలాసేపు మాట్లాడలేదు.
"మీటర్లు అని వెయ్యలేదు. అర మార్కు పోయింది."

హారన్ మళ్లీ.
ఐసు చెమ్మకి పెన్ను జారుతుంటే
వేళ్లు లుంగీకి తుడుచుకుని
'మీటర్లు' అని రాసి
పరిగెత్తాను.