చుక్కల్లో పేరు

మామూల్‌పేట సందులో
గిన్నెల మీద పేర్లు కొట్టే ముసలాయన
కంచు గ్లాసును వెలుతురుకు పట్టి
"ఏన్ బరీబేకమ్మా?" అన్నాడు.
ఏం రాయించాలో ఇంట్లోనే అనుకుని వచ్చాను:
గంగులమ్మ గుర్తుగా, అని.

గుర్తు అనేది కాదు మా అవ్వ.
ఆనవాలు అనేది.
పక్కింటి కోళ్లలో కలవకుండా
మా కోడి కాలికి కట్టిన ఎర్ర దారం ఆనవాలు.
నా మోచేతి పుట్టుమచ్చ ఆనవాలు,
మెజెస్టిక్‌లో తప్పిపోతే దొరకడానికి.

నిన్న రాత్రి నిఘంటువు తీస్తే
ఆ మాట రెండుగా విరిగింది.
ఒకటి, గురుతు.
రెండోది, నీళ్లు కలపని చిక్కటి పాలు.
ఏది ఎప్పుడు ఏ మాటలోకి ఒలికిందో
అందులో లేదు.
ఆన అంటే ఒట్టు కదా అన్నారు
ఫోన్లో మా తెలుగు మాస్టారు,
వాలు దగ్గరికొచ్చేసరికి దగ్గు.

పోనీలే.
హనుమంతుడు సముద్రం దాటించింది ఉంగరమే,
కానీ అవ్వ కథ చెబుతుంటే
ఈ గ్లాసుతోనే పాలు తాగుతూ విన్నదాన్ని.
నా హనుమంతుడు తొణక్కుండా
పాలగ్లాసే మోసుకెళ్లాడు.

"మా భాషలో కురుహు" అన్నాడు ముసలాయన,
గురుతుకు అక్కలా ఉందే అనుకున్నాను.
అంతలో అంచు కింద బొటనవేలు ఆనించి,
"ఇల్లి హెసరిదెయల్లమ్మా!"

కన్నడ చుక్కలు.
పుట్టతాయమ్మ, 1968.

మా ఇంట్లో ఆ పేరున్నవాళ్లు లేరు.
ఏ ఛత్రంలో, ఎవరి పెళ్లిలో,
కడిగి బోర్లించిన గుట్టలో మారిపోయిందో.
అవ్వకు చదువు రాదు.
చింతపండుతో తోమి, వేలితో అంచు తడిమి
"ఇదే నాది" అనుకుంటూ
యాభై ఏళ్లు అలమరలో పెట్టింది.
గంగులమ్మ గ్లాసు ఇంకే వంటింట్లోనో ఉండాలి,
ఇంకెవరి వేలికిందో, వాళ్లదైపోయి.

"అళిస్లా?"
ఉలి ఆనించి అడిగాడు.
వద్దన్నాను.
కింద ఇంకో పేరూ వద్దన్నాను.
పని చెయ్యలేదు కదా అని డబ్బు తీసుకోలేదు,
నేనూ బలవంతం చెయ్యలేదు, ఎందుకో.

చిక్కపేట మెట్రోలో నిలబడి
ఒడిలోంచి తీసి తడిమాను.
పు దగ్గర ఒక చుక్క
నున్నగా అరిగిపోయి ఉంది.

అది మా అవ్వది.